ముట్టకూడని తుపాకి

నవంబరు పద్నాలుగో తారీఖు మధ్యాహ్నం డ్వేన్ సాల్మి నాకు ఫోన్ చేసి ఒక సందేహం అడిగాడు. తెల్లవారితే జింకల వేట మొదలు. ఆ ముందు రోజు మా జిల్లా వేట అధికారికి అన్నం తినే తీరిక ఉండదు. ఎవరి స్థలంలో ఎవరు కూర్చోవచ్చు, లైసెన్సు కాగితం తడిసిపోతే ఏం చెయ్యాలి, చిన్న కొమ్ములున్నదాన్ని కొట్టొచ్చా లేదా, ఇవే ప్రశ్నలు, పాతికేళ్ళుగా ఇవే. డ్వేన్ అడిగింది మాత్రం వేరు.

"కారీన్, రేపు మా నాన్నని మాటుకి తీసుకెళ్తున్నాను. తుపాకి ఆయనే మోసుకుంటాడు. కుర్చీ, ఆక్సిజన్ బాటిల్ నేను మోస్తాను. ఆయన పక్కన కూచుంటాను, అంతే. అందులో తప్పేమన్నా ఉందా?"

"ఆయన చేతిలో ఉన్నంతసేపు లేదు. లైసెన్సు ఆయన పేరు మీద ఉందిగా?"

"యాభై ఎనిమిదేళ్ళ నుంచీ ఉంది."

"అయితే నువ్వు దాన్ని ముట్టుకోకు. ఆయన వేళ్ళు కొంకర్లు పోనీ, ఒక్క నిమిషం పట్టుకోరా అని బతిమాలనీ, ముట్టుకోకు."

"పాతికేళ్ళ నుంచి ముట్టలేదులేవే," అని నవ్వాడు. "గేల్ కూడా వస్తోంది. ఏదన్నా అవసరమైతే అదే పట్టుకుంటుంది."

గేల్ అంటే వాళ్ళ బాబాయి కూతురు, ఆసుపత్రిలో నర్సు. మంచిది, జాగ్రత్త అని చెప్పి పెట్టేశాను. అడిగినదానికి సరైన జవాబే చెప్పానన్న తృప్తితో ఇంకో ఫోన్ ఎత్తాను.

డ్వేన్, నేను ఒకే బళ్ళో చదువుకున్నాం. పంతొమ్మిదేళ్ళప్పుడు అతను ఇద్దరు స్నేహితులతో కలిసి, దిగువ ఊళ్ళ నుంచి వేటకొచ్చే ఒక డాక్టరుగారి అడివి ఇంటి తాళం పగలగొట్టాడు. చలికాలం, ఇంట్లో ఎవరూ లేరు. చెట్లు కోసే రంపం ఒకటి, సారా సీసాలు రెండు పట్టుకొచ్చారు. మూడోవాడు గోడ మీదున్న తుపాకి కూడా తీసుకున్నాడు. డ్వేన్ దాన్ని చూడనన్నా లేదంటాడు, నేను నమ్ముతాను. కానీ ముగ్గురూ ఒకే కారులో దొరికారు, ముగ్గురికీ ఒకే కేసు పడింది. పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక జరిమానా కట్టాడు, డాక్టరుగారికి క్షమాపణ ఉత్తరం రాశాడు, రంపపు మిల్లులో పనికి కుదిరాడు. ఇక అంతా అయిపోయిందనుకున్నాడు. అయిపోనిది ఒక్కటే. అంత పెద్ద నేరం కింద శిక్ష పడినవాడు తుపాకి పట్టకూడదు, దగ్గర ఉంచుకోకూడదు, తన ఇంట్లో ఉండనివ్వకూడదు.

మా ఎగువ మిషిగన్‌లో నవంబరు పదిహేనున బళ్ళు మూసేస్తారు. చర్చిలో పాస్టరు కూడా ఆ వారం ప్రసంగం కుదించేస్తాడు. ఆరోజు మగవాడు ఊళ్ళో కనిపిస్తే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. డ్వేన్‌ని మాత్రం ఎవరూ అడిగేవారు కారు, అందరికీ తెలుసు. ఆ రోజు మిల్లులో అందరి షిఫ్టులూ తనే చేసేవాడు. అక్టోబరులో మాత్రం విల్లు పట్టుకుని అడివికి వెళ్ళేవాడు. విల్లుకి చట్టం అడ్డు చెప్పదు. బాణంతో కొట్టాలంటే జింక ఇరవై గజాల దాకా రావాలి, అతనికి ఓపిక ఉండేది. మూడేళ్ళకొకటి దొరికేది.

మార్లాని పెళ్ళి చేసుకున్నప్పుడు ఆవిడకి పదహారో ఏట వాళ్ళ నాన్న కొనిచ్చిన తుపాకి ఉండేది. అత్తారింటికి వచ్చే ముందే దాన్ని పుట్టింట్లో వదిలేసి వచ్చింది. ఆ తర్వాత వాళ్ళమ్మ చచ్చిపోతే అది గేల్ వాళ్ళ నేలమాళిగకి చేరింది.

డ్వేన్ వాళ్ళ నాన్న పేరు ఓన్ని. ఇనప గనిలో ముప్పై మూడేళ్ళు పనిచేసి ఊపిరితిత్తులు అక్కడే వదిలేసి వచ్చాడు. అంతకు ముందు ఏడాది మెట్లెక్కలేక, స్నానం ఒంటరిగా చెయ్యలేక కొడుకు ఇంటికి మారాల్సి వచ్చింది. ఆయనకి ఆరు తుపాకులున్నాయి. కొడుకు ఇంటికి ఆయన రావాలంటే అవి రాకూడదు. ఐదింటిని అమ్మేశాడు. ఆరోది వాళ్ళ నాన్న ఫిన్లండ్ నుంచి వచ్చిన కొత్తలో కట్టెలు కొట్టి కూడబెట్టి కొన్న రైఫిల్. దాన్ని అమ్మనన్నాడు, గేల్ దగ్గర పెట్టాడు.

"నేను చచ్చాక వచ్చే ఆస్తి నేను బతికుండగానే పోయింది," అని నాతో అన్నాడొకసారి. "నా కొడుక్కి ఇవ్వడానికి ఏం మిగిలిందమ్మాయ్? ఈ బాటిలూ, గొట్టమూ."

ఇక్కడ నేను దాటెయ్యకూడని సంగతి ఒకటుంది. ఆ ఏడాది మార్చిలో డ్వేన్ మా ఇంటికొచ్చాడు. మంచు కరుగుతోంది, బూట్లు గుమ్మంలో విప్పి, మేజోళ్ళతో వంటింట్లో నిలబడ్డాడు. కాఫీ ఇచ్చాను. చాలాసేపు మంచు గురించి మాట్లాడి, అప్పుడు జేబులోంచి మడత పెట్టిన కాగితాలు తీశాడు. తుపాకి హక్కు తిరిగి ఇవ్వమని కోర్టుకి పెట్టుకునే దరఖాస్తు.

"లాయరు చెప్పాడు, మనల్ని బాగా ఎరిగినవాళ్ళు వచ్చి వీడు మంచివాడే అని చెబితే జడ్జి వింటాడట. వేట అధికారి చెబితే ఇంకేం కావాలి అన్నాడు. నువ్వేమంటావు?"

నేను ఏమన్నానో నాకు మాట మాటా గుర్తే. "మా డిపార్టుమెంటు ఒప్పుకోదేమో డ్వేన్. నేను ఉద్యోగంలో ఉన్నాను. వేరే ఎవరినన్నా అడుగు. పాస్టరు ఉన్నాడు, మిల్లు ఓనరు ఉన్నాడు."

"అవునులే," అన్నాడు. కాగితాలు మళ్ళీ అదే మడతల్లో మడిచాడు.

డిపార్టుమెంటుని నేను అడగలేదు. అడిగితే ఏమనేవారో నాకిప్పటికీ తెలీదు. రెండేళ్ళలో పెన్షను, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను, అంతే. అతను పాస్టర్నీ అడగలేదు, ఓనర్నీ అడగలేదు. ఒకసారి నోరు తెరిచి అడగడానికే అతనికి పాతికేళ్ళు పట్టింది.

పదిహేనో తారీఖు ఏం జరిగిందో కొంత నేను చూశాను, మిగతాది డ్వేన్ చెప్పాడు.

గేల్ రాలేదు. ముందురోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, తెల్లవారుజామున నాలుగింటికల్లా డ్యూటీకి రమ్మని, ఇద్దరు నర్సులు జ్వరంతో పడ్డారని. ఆ పిల్ల కారు మళ్ళించి డ్వేన్ ఇంటికి వచ్చి, తాళం వేసిన పెట్టెలో తుపాకిని ఓన్నికి అప్పజెప్పి, తాళంచెవి ఆయన మెడలో వేసి వెళ్ళింది. డ్వేన్ అప్పుడు ఇంట్లో లేడు. వచ్చి చూస్తే పెట్టె గరాజ్‌లో ఉంది.

"వెళ్ళడం మానేద్దాం నాన్నా," అన్నాడు.

"వచ్చే ఏడాది వెళ్దామా?" అన్నాడు ఓన్ని. అది ఎకసెక్కం. వచ్చే ఏడాది ఆయనకి లేదని డాక్టరు ఇద్దరి ముందే చెప్పాడు.

డ్వేన్ దుప్పటి తీసుకుని మిల్లుకి వెళ్ళి, అక్కడ తన ట్రక్కులో పడుకున్నాడు. ఆ పెట్టె ఉన్న చూరు కింద తను ఉండకూడదని. బయట సున్నాకి పది డిగ్రీలు కింద ఉంది. తెల్లారి ఐదున్నరకి ఇంటికి వచ్చి తండ్రిని ఎక్కించుకున్నాడు. పెట్టె ఓన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. మార్లా ఇద్దరికీ మాంసమూ దుంపలూ కూరిన పాస్టీలు కాగితంలో చుట్టి ఇచ్చింది.

దారి నుంచి మాటు అరమైలు ఉంటుంది. దేవదారు చెట్ల బురదనేల అంచున, డ్వేన్ పుట్టకముందు ఓన్ని కట్టిన చెక్క గది. పిక్కల లోతు మంచు. జింకలు లాగడానికి వాడే ప్లాస్టిక్ స్లెడ్డు మీద ముసలాయన్ని కూర్చోబెట్టి, ఆయన ఒళ్ళో తుపాకి, కాళ్ళ మధ్య ఆక్సిజన్, డ్వేన్ తాడు భుజానికేసుకుని లాక్కెళ్ళాడు.

"చచ్చిన జింకలాగా లాక్కెళ్తున్నావురా," అన్నాడట ఓన్ని.

"జింకయితే నోరుమూసుకుని పడుంటుంది."

మాటులో చిన్న పొయ్యి ఉంది. కాఫీ తాగారు. వెలుగొచ్చింది. అప్పుడొకటీ ఇప్పుడొకటీ దూరంగా తుపాకులు మోగుతుంటే ఓన్ని ఎవరి తుపాకి ఏదో చెప్పాడట, అది మాకినెన్ వాళ్ళది, అది ఫలానా కుర్రవాడిది, తొందరపడ్డాడు అని. వేట మొదటిరోజు డ్వేన్ తన తండ్రి పక్కన కూర్చోవడం పద్దెనిమిదో ఏడు తర్వాత అదే. ఆ రెండు గంటలూ ఆయనకి దగ్గు కూడా రాలేదని నాతో చెప్పాడు.

ఎనిమిదీ నలభైకి కొమ్ములకి ఎనిమిది కొనలున్న మగజింక బురద అంచు వెంట వచ్చింది. ఓన్ని తుపాకి కిటికీ చట్రానికి ఆనించాడు. ఊపిరి బిగబట్టలేడు కదా, గొట్టంలోంచి వచ్చే గాలి చప్పుడు చేస్తోంది. డ్వేన్ ఆక్సిజన్ కట్టేశాడు. నాలుగు క్షణాలు. ఓన్ని కాల్చాడు. జింక నడుము వంచి, గెంతి, చెట్లలోకి పోయింది.

"తగిలింది! ఒరేయ్, తగిలింది, చూశావా!" అని ముసలాయన పకపకా నవ్వాడు. అలవాటు కొద్దీ తుపాకి బోల్టు లాగి రెండో తూటా ఎక్కించాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. డ్వేన్ ఆక్సిజన్ చివరిదాకా తిప్పాడు. పెదవులు నీలంగా మారాయి.

"పద నాన్నా, వెళ్ళిపోదాం."

"జింకని... వెతకరా..."

"తర్వాత వెతుకుతాను. పద."

ఎత్తి స్లెడ్డు మీద పడుకోబెట్టాడు. తుపాకి ఓన్ని గుండెల మీద ఉంది. వదలనంటాడు. అది నిండు తుపాకి. ఆ పాత రైఫిల్‌కి పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట అరిగిపోయి ఎన్నో ఏళ్ళయింది. గుంటల దారిలో స్లెడ్డు ఎగిరితే పేలుతుంది, పేలితే అది చూసేది స్లెడ్డు లాగేవాడి వీపు వైపే.

"తూటాలు తియ్యి నాన్నా."

ఓన్ని ప్రయత్నించాడు. వేళ్ళు వంగలేదు.

"నువ్వు తీయరా."

"నేను ముట్టకూడదు."

"ఎవడు చూస్తాడ్రా ఇక్కడ? ఉడతలా?"

"కారీన్ చెప్పింది నాన్నా. ఇక్కడే వదిలేద్దాం, గేల్ సాయంత్రం వచ్చి తీసుకెళ్తుంది."

"మా నాన్న తుపాకి... అడివిలో పారేస్తావా?"

"పారెయ్యడం కాదు."

"అయితే ఆ కారీన్‌ని వచ్చి తియ్యమను."

తర్వాత డ్వేన్ ఈ మాటలు నాకు చెబుతున్నప్పుడు ఒకచోట ఆగాడు. "రెండు నిమిషాలు వాదించుకున్నాం కారీన్. రెండు నిమిషాలు. ఆయన దగ్గర మిగిలిన ఊపిరి దానికే ఖర్చయింది," అన్నాడు.

చివరికి డ్వేన్ చేతి తొడుగులు విప్పి, తండ్రి చేతుల్లోంచి తుపాకి తీసుకుని, బోల్టు వెనక్కి లాగాడు. నాలుగు తూటాలు ఒకదాని వెనక ఒకటి మంచులో పడ్డాయి. వాటిని ఏరి జేబులో వేసుకున్నాడు. తుపాకి తన భుజానికి తగిలించుకున్నాడు. స్లెడ్డు తాడు పట్టుకుని పరుగు మొదలుపెట్టాడు.

దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడట. మొదట్లో ఓన్ని జవాబు చెప్పాడు. సగం దారి దాటాక చెప్పలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఆగాల్సి వస్తుందని డ్వేన్ చూడలేదు.

దారి దగ్గరకి వచ్చాకే ఫోన్‌కి సిగ్నల్ అందింది. అంబులెన్సుకి చేసి, తుపాకిని ట్రక్కు సీటు వెనక పెట్టాడు. నేను నాలుగు మైళ్ళ దూరంలో ఉన్నాను, రేడియోలో విన్నాను, అందరికన్నా ముందు చేరాను. అతను మంచులో మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి ఛాతీ మీద నొక్కుతున్నాడు, లెక్కపెడుతూ, టోపీ లేకుండా. నేను ఎదురుగా కూర్చున్నాను. ఇద్దరం మార్చి మార్చి నొక్కాం. ఓన్ని గడ్డం మీద మంచు కరగడం లేదు. అది నేను చూశాను, అతనికి చెప్పలేదు. అంబులెన్సు వచ్చేదాకా పదహారు నిమిషాలు అలాగే చేశాం.

అంబులెన్సు వాళ్ళు చెప్పాల్సింది చెప్పారు. వాళ్ళ వెనకే షెరీఫ్ డిప్యూటీ హాల్వర్సన్ వచ్చాడు. ఇంటి బయట చావు అయితే ఎవరో ఒకరు రావాలి, రాసుకోవాలి. హాల్వర్సన్ చెడ్డవాడు కాదు. పక్క జిల్లా నుంచి వచ్చి ఏడాదయింది, ఈ ఊళ్ళో ఎవరు ఎవరో తెలీదు, అంతే.

డ్వేన్ లేచి నిలబడ్డాడు. చెయ్యి జేబులో పెట్టి, తీసి, నా ముందు అరచెయ్యి చాపాడు. నాలుగు తూటాలు.

"ఇవి నీకివ్వాలి. నేను తీశాను."

హాల్వర్సన్ నా పక్కనే ఉన్నాడు.

"డ్వేన్, తర్వాత మాట్లాడుకుందాం. ముందు మార్లాకి ఫోన్ చెయ్యి," అన్నాను.

"తుపాకి సీటు వెనకుంది. నేనే పెట్టాను. రోడ్డు మీద వదలలేను కదా. రాత్రి మా గరాజ్‌లో ఉంది, గేల్‌కి డ్యూటీ పడింది. కానీ నేను ఇంట్లో లేను, నేను మిల్లు దగ్గర పడుకున్నాను."

"డ్వేన్, ఇంక మాట్లాడకు."

"చెప్పనివ్వండి," అన్నాడు హాల్వర్సన్. పుస్తకం తీశాడు. "తుపాకి మీరు పట్టుకుంటే ఏంటండీ? మీ మీద ఏమన్నా నిషేధం ఉందా?"

డ్వేన్ తన పేరు, పుట్టిన తేదీ చెప్పాడు. ఎవరూ అడక్కుండానే పంతొమ్మిదో ఏటి కేసు గురించి కూడా చెప్పాడు. జైలు నేర్పిన చదువు అది, పోలీసు ముందు అబద్ధం చెబితే ఇంకా చెడుతుందని. ఆ తూటాలు మంచులోనే వదిలేసి ఉంటే నేను తుపాకిని ఓన్ని పక్కన పెట్టి ఊరుకునేదాన్నా? ఊరుకునేదాన్ననే అనుకుంటాను. కానీ అలా ఊరుకోవడానికి అతను నాకు చోటివ్వలేదు. నేను అతని దృష్టిలో చట్టం. చట్టం చేతిలోనే పెట్టేశాడు.

మధ్యాహ్నం నేను మాటు దగ్గరికి వెళ్ళి రక్తపు జాడ పట్టుకుని జింకని వెతికాను. అది కూడా నా పనే. దొరికింది. కేసు ఉందని దాన్ని తీసుకెళ్ళి కోల్డ్‌రూములో పెట్టారు, తర్వాత మాంసం పేదల భోజనశాలకి పోయింది. సాల్మిల ఇంటికి ముక్క కూడా చేరలేదు.

ఆ సాయంత్రం నా రిపోర్టు రాశాను. నాలుగు పేజీలు. తండ్రి ప్రాణం కోసమే తుపాకి ముట్టుకున్నాడని, ఖాళీ చేసి మోశాడని, అడక్కుండానే నిజం చెప్పాడని రాశాను. ముందురోజు నాకు ఫోన్ చేసి నియమం కనుక్కున్నాడని కూడా రాశాను. అది అతనికి మేలు చేస్తుందనుకున్నాను. తీరా చూస్తే, నియమం తెలిసే తప్పాడని అవతలి వాళ్ళు దాన్నే చూపించారు.

ఓన్ని అంత్యక్రియలకు వెళ్ళాను, యూనిఫారం లేకుండా, వెనక బెంచీలో కూర్చున్నాను. తర్వాత చర్చి కింది హాల్లో కాఫీ, కేకు. డ్వేన్ నా చెయ్యి పట్టుకుని నొక్కి వెళ్ళిపోయాడు. మార్లా మాత్రం దగ్గరకి రాలేదు. క్రిస్మసుకి ముందు, కేసు పెడుతున్నారని తెలిశాక, నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆవిడ తలుపు సగం తెరిచి నిలబడింది.

"నీ రిపోర్టు లాయరు చూపించాడు. చదివాను," అంది. "చాలా బాగా రాశావు కారీన్. ఒక్క తప్పు లేదు. మా మామగారు ఎన్నింటికి కాల్చాడో నిమిషంతో సహా రాశావు."

"మార్లా, నేను..."

"వసంతంలో మా ఆయన నీ వంటింట్లో కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు కదా. అది కూడా రాశావా? ఏ పేజీలో ఉంది? నాకు కనపడలేదే."

ఆవిడ జవాబు కోసం ఆగలేదు. చప్పుడు కాకుండా తలుపు మూసింది. గట్టిగా వేసి ఉంటే నాకింకొంచెం తేలిగ్గా ఉండేది.

ప్రాసిక్యూటరు కొత్తగా వచ్చినవాడు. ఆ ఏడాది వేరే ఊళ్ళో జైలు నుంచి వచ్చినవాడెవడో పెళ్ళాన్ని కాల్చాడు, పేపర్లన్నీ దాని మీదే. నేను అతని ఆఫీసుకి వెళ్ళి అడిగాను.

"అడివిలో జరిగింది నాకు అర్థమవుతుంది మేడమ్," అన్నాడు. "అదొక్కటే అయితే ఈ ఫైలు మూసేసేవాణ్ణి. చచ్చిపోయే తండ్రి, నిండు తుపాకి, ఏ జూరీ అయినా వదిలేస్తుంది. కానీ ముందు రాత్రి? ఇల్లు అతని పేరు మీదుంది. తుపాకి అక్కడుందని అతనికి తెలుసు. అప్పుడే మీకు ఫోన్ చేసి ఉండొచ్చు కదా, మీరు వచ్చి తీసుకెళ్ళేవారు."

"మైనస్ పది డిగ్రీల చలిలో ట్రక్కులో పడుకున్నాడండీ."

"అంటే తప్పని తెలుసన్నమాటేగా."

ఎంత జాగ్రత్తపడితే అంత తెలిసి చేసినట్టు. అజాగ్రత్తగా ఉన్నవాడు ఈ పాటికి బయటపడి ఉండేవాడు.

డ్వేన్‌కి కోర్టు ఇచ్చిన లాయరు ఒక నడివయసు మనిషి, ఎప్పుడూ దగ్గుతుండేవాడు. విచారణకి వెళ్తే గెలవొచ్చు, ఓడితే ఐదేళ్ళ దాకా పడొచ్చు అన్నాడు. చిన్న నేరం కింద ఒప్పుకుంటే జైలు ఉండదు. డ్వేన్ ఒకరోజు ఆలోచించుకుని ఒప్పుకున్నాడు. "మళ్ళీ లోపలికి వెళ్ళలేను," అన్నాడట మార్లాతో. "పంతొమ్మిదేళ్ళప్పుడు వెళ్ళొచ్చు. ఇప్పుడు కాదు."

ఏప్రిల్లో శిక్ష చెప్పే రోజు నేను డిపార్టుమెంటుని అడక్కుండా, సెలవు పెట్టి, కోర్టులో నిలబడ్డాను. జడ్జి పెద్దావిడ, కళ్ళద్దాలు ముక్కు చివరన పెట్టుకుని నా వైపు చూసింది.

"అధికారిగారూ, మీరు ఇతని తరఫున చెప్పడానికి వచ్చారా?"

"అవునండి."

"చెప్పండి."

చెప్పాను. చిన్నప్పటి నుంచి ఎరుగుదునని, పాతికేళ్ళలో ఒక్కసారి కూడా అతని మీద ఫిర్యాదు రాలేదని, మా జిల్లాలో వేట నియమాలు అతనికన్నా పద్ధతిగా పాటించేవాళ్ళు నాకు తెలీదని చెప్పాను. మార్చిలో అడిగినప్పుడు ఇవే మాటలు చెప్పి ఉంటే ఈ కోర్టులోనే, ఇదే జడ్జి ముందు, ఇంకో కాగితం మీద సంతకం పడేదేమో. పడకపోయేదేమో కూడా. అది ఇక తెలిసే వీల్లేదు.

జడ్జి విన్నది. జైలు లేదంది. ఏడాదిన్నర కోర్టు నిఘాలో ఉండేలా ప్రొబేషన్ వేసింది. ఆ ఏడాదిన్నర అతని దగ్గర ఏ ఆయుధమూ ఉండకూడదు.

"విల్లు కూడానా అండీ?" అని అడిగాడు డ్వేన్. ఆ రోజంతా అతను నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

జడ్జి కాగితంలోకి చూసింది, లాయరు వైపు చూసింది. "విల్లు కూడా," అంది. మూడేళ్ళ దాకా వేట లైసెన్సు కూడా లేదని చదివింది. రైఫిల్ గేల్‌కి ఇచ్చెయ్యమంది.

మెట్ల మీద బురద మంచు. డ్వేన్ చొక్కా కాలరు గుండీ విప్పుకుంటూ నా పక్కన నిలబడ్డాడు.

"వచ్చినందుకు థాంక్స్," అన్నాడు.

"ఇది అయిపోయాక, దరఖాస్తు మళ్ళీ పెట్టు. నేను సంతకం చేస్తాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

"లాయరు చెప్పాడు, ఇప్పుడీ కేసు కూడా ఉంది కదా, ఇంకో ఐదారేళ్ళు ఎవరూ వినరట." టోపీ పెట్టుకున్నాడు. "అసలు నేను అడిగింది ఆయనతో ఒక్కరోజు కూచోడానికి. కూచున్నానుగా."

మార్లా ట్రక్కు హారన్ కొట్టింది. వెళ్ళిపోయాడు.

ఆ వారమే విల్లు, బాణాలు తీసుకెళ్ళి గేల్ నేలమాళిగలో పెట్టి వచ్చాడని ఆ పిల్లే చెప్పింది. గోడకి ఒక పక్క మార్లా తుపాకి, దాని పక్కన ఓన్ని రైఫిల్, కింద విల్లు. "నాకు వేటంటే ఇష్టం లేదక్కా," అంది గేల్. "వీళ్ళందరివీ నేను కాపలా కాస్తున్నాను. మ్యూజియంలాగా ఉంది."

నేను ఆ ఏడాదే ఉద్యోగం వదిలేశాను. పెన్షన్‌కి ఇంకా ఐదు నెలలుండగానే. ఎందుకని అడిగినవాళ్ళకి మోకాళ్ళని చెప్పాను. డ్వేన్ ప్రొబేషన్ ముగిసింది, లైసెన్సు ఇవ్వని మూడేళ్ళూ గడిచాయి. విల్లు మాత్రం గేల్ దగ్గరి నుంచి తెచ్చుకోలేదు. అక్టోబరులో ఆ అడివి దారుల వెంట నేను ఇప్పటికీ నడుస్తుంటాను, అతని ట్రక్కు ఎక్కడా కనపడదు. మాటు కప్పు కిందటి చలికాలం మంచు బరువుకి కూలిపోయింది.

మొన్న ఆదివారం పెట్రోలు బంకులో కలిశాడు. జుట్టు బాగా నెరిసింది. చలి గురించి, మిల్లు గురించి రెండు మాటలు అనుకున్నాం. గొట్టం ట్యాంకులో పెట్టి, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ జింక, నువ్వే వెతికావు కదా. ఎంత దూరం పోయింది?"

ఇన్నేళ్ళలో అతనికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. నా రిపోర్టులో ఉంది, మూడో పేజీలో. అతను చదవలేదన్నమాట.

"నలభై గజాలు కూడా పోలేదు. దేవదారు మొదట్లోనే పడిపోయింది. భుజం వెనక తగిలింది. ఎక్కువసేపు బతికి ఉండదు."

"భుజం వెనకా?"

"సరిగ్గా."

తల ఊపాడు. మీటరు టక్కుమని ఆగింది. అతను గొట్టం తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

"స్లెడ్డు మీద అదే అడిగాడు, దొరుకుతుందంటావా అని. దొరుకుతుందిలే నాన్నా అన్నాను. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు," అన్నాడు.

వెనక కారతను హారన్ కొట్టాడు. డ్వేన్ చెయ్యెత్తి క్షమించమన్నట్టు ఊపి, గొట్టం తీసి తగిలించి, లోపలికి బిల్లు కట్టడానికి వెళ్ళాడు.